ఫ్రిజ్‌లో మిగిలిన పెట్టెలు

2015లో బక్రీదుకు నాలుగు రోజుల ముందు మా ఇంటి ఫ్రిజ్‌లో ఐదు పెట్టెలు దొరికాయి. ఖుర్బానీ మాంసానికి చోటు చేయాలని అరలన్నీ ఖాళీ చేస్తుండగా, అడుగున కూరగాయల డబ్బా వెనుక, గుడ్డసంచిలో చుట్టి కనిపించాయి. ఒక్కొక్క పెట్టెలో నాలుగు సూదులు. వారానికి ఒకటి చొప్పున వేసుకోవలసిన మందు అది. అంటే ఇరవై వారాల మందు. ఒక్క పెట్టెకు కూడా సీలు విప్పలేదు.

ఈ వ్యాసాన్ని భార్యాభర్తలం ఇద్దరం కూర్చుని వ్రాస్తున్నాము. అందుకే 'మేము' అంటున్నాము. ఎవరో ఒకరి సంగతి విడిగా చెప్పవలసిన చోట 'ఆయన' అనీ 'ఆమె' అనీ వ్రాస్తాము. రోగం ఆమెది. ఆ పెట్టెలు చూసింది ఆయన. దాచింది ఆమె. ఆ మధ్యాహ్నం మా మధ్య జరిగిన మాటలన్నీ ఇక్కడ వ్రాయము. వాటిలో కొన్ని ఇద్దరమూ మరచిపోవాలని ఒప్పుకున్న మాటలు.

ఆమెకున్న జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. తెలుగులో దీనికి వాడుక పేరంటూ లేదు. మా రాయచోటిలో అందరూ 'నరాల జబ్బు' అంటారు, ఆ మాటలో పక్షవాతం నుండి తిమ్మిరి దాకా అన్నీ ఇమిడిపోతాయి. 1868లో ఫ్రెంచి వైద్యుడు షార్కో దీనిని ప్రత్యేకమైన వ్యాధిగా వివరించాడు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే మెదడులోని, వెన్నుపాములోని నరాల పైతొడుగును శత్రువనుకుని దెబ్బతీస్తుంది. కరెంటు తీగ మీది తొడుగు ఊడితే దీపం మినుకుమినుకుమన్నట్లు, దెబ్బతిన్న చోటును బట్టి చూపో, నడకో, మూత్రం మీద అదుపో, చేతి పట్టో తప్పుతుంది. కొన్ని వారాలకు చాలావరకు తిరిగి వస్తుంది. మళ్ళీ ఎప్పుడో మరోచోట దెబ్బ పడుతుంది. ఎక్కువగా ఇరవై, నలభై ఏళ్ళ మధ్య మొదలవుతుంది. పురుషులకంటే స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది.

ఆమెకు 2010లో కుడికన్ను మసకబారింది. కన్ను తిప్పితే నొప్పి. పది రోజుల్లో దానంతట అదే తగ్గితే, దిష్టి తగిలిందనీ తీసేశామనీ ఇంట్లో పెద్దలు సంతోషించారు. మరుసటి ఏడు నడుము నుండి పాదాల దాకా స్పర్శ పోయింది. కాలి చెప్పు ఊడిపోయినా తెలియకుండా వీధి చివరిదాకా నడిచింది. మదనపల్లె మీదుగా బెంగళూరుకు వెళ్ళాము. స్కానింగు, వెన్నులోంచి నీరు తీసి పరీక్ష, ఐదు రోజులు స్టెరాయిడు డ్రిప్పు. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు. మా పాప ఇంకా నడక నేర్వలేదు.

స్టెరాయిడుతో స్పర్శ తిరిగి వచ్చింది గనుక, ఇక మందులు అయిపోయాయనుకున్నాము. అసలు మందు అప్పుడే మొదలవుతుందని డాక్టరుగారు చెప్పారు: ఇంటర్‌ఫెరాన్ బీటా, వారానికొకసారి, తొడ కండరంలోకి. ఇది జబ్బును నయం చేయదు. పోయిన శక్తిని తిరిగి తేదు. ముందు ముందు రాబోయే దెబ్బల సంఖ్యను దాదాపు మూడో వంతు తగ్గిస్తుంది. ఈ మూడు మాటలనూ ఆ రోజు తల ఊపుతూ విన్నాము, కానీ వాటిని మనసుకు పట్టించుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది.

నర్సమ్మగారు ఒక చీనీకాయ తెచ్చి సూది ఎలా గుచ్చాలో నేర్పారు. చీనీకాయ అరవదు, వణకదు. ఇంటికి వచ్చి మొదటి సూది వేసిన రాత్రి వణికింది మాత్రం ఆయన చేయి. సూది అంగుళానికి కాస్త పైనే ఉంటుంది. తొడ బయటి వైపు నిటారుగా లోపలిదాకా దించాలి. "బిస్మిల్లా అని వేసేయండి, ఆలోచించకండి" అని ఆమె చెప్పవలసి వచ్చింది. నొప్పి చీమ కుట్టినంతే. అంత సులువా అనుకుని నవ్వుకుని పడుకున్నాము.

అర్ధరాత్రి దాటాక చలి మొదలైంది. రెండు దుప్పట్లు, వాటి మీద జానమాజు కూడా కప్పినా పళ్ళు కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆ తరువాత జ్వరం. తెల్లవారేసరికి ఎవరో రోకలితో ఒళ్ళంతా దంచినట్లు నొప్పులు. ఫజర్ నమాజు కూర్చుని చేసుకుంది. ఈ మందు మొదలుపెట్టిన చాలామందికి ఇదే అనుభవం. సూది వేసిన కొన్ని గంటలకు ఫ్లూ జ్వరం లాంటిది వచ్చి, మరునాటికి పోతుంది. ముందుగా పారాసిటమాల్ వేసుకోవడం, నిద్రవేళకు సూది వేసుకోవడం, మొదట కొద్ది మోతాదుతో ప్రారంభించి పెంచడం వంటి ఉపాయాలు తరువాత నేర్చుకున్నాము. కొన్ని నెలల్లో చాలామందికి ఈ జ్వరం తగ్గిపోతుంది. ఆమెకు సగమే తగ్గింది. శనివారం ఇషా తరువాత సూది, ఆదివారమంతా మంచం. వారంలో ఏడు రోజులన్నది మాకు ఆరు రోజులయింది.

మందును కాపాడటం మరో కథ. రెండు నుండి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. గడ్డకట్టిందా, పారవేయవలసిందే. 2012, 2013 వేసవుల్లో మన రాష్ట్రంలో కరెంటు కోతలు గుర్తున్నవారికి మా తిప్పలు వివరించనక్కరలేదు. మూత తీయకుండా ఫ్రిజ్‌కు కాపలా కాసేవాళ్ళము. జనరేటరు ఉన్న మందుల దుకాణంలో పెట్టెను దాచమని బ్రతిమాలేవాళ్ళము. ఒకసారి అతిజాగ్రత్తతో థర్మోకోలు డబ్బాలో మంచుగడ్డలకు ఆనించి పెడితే మందే గడ్డకట్టింది. ఆ నెల ఖర్చును తలచుకుని ఆ రాత్రి ఇద్దరమూ అన్నం తినలేదు.

ఆ ఎండలే ఆమెకు మరో పరీక్ష. వేడినీళ్ళతో స్నానం చేసినా, మధ్యాహ్నం పొయ్యి దగ్గర నిలబడినా పాత కన్ను మళ్ళీ మసకబారేది. 1890లోనే ఊథోఫ్ అనే జర్మన్ నేత్రవైద్యుడు ఈ లక్షణాన్ని గుర్తించాడట. దెబ్బతిన్న నరం వేడికి మరింత మొరాయిస్తుంది. ఒళ్ళు చల్లబడితే సర్దుకుంటుంది. అది కొత్త దెబ్బ కాదు. ఈ సంగతి తెలియని రోజుల్లో ప్రతి మసకకూ బెంగళూరు బస్సు ఎక్కడానికి సిద్ధపడేవాళ్ళము.

రమజాను గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్ళలో ఇదే ప్రశ్న. సూదితో ఉపవాసం భంగమవుతుందా? 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, ఆహారంగా పనిచేయని మందును చర్మం కిందికో కండరంలోకో నరంలోకో సూదితో ఎక్కిస్తే ఉపవాసం భంగం కాదని తీర్మానించింది. మా ఊరి మౌలానా కూడా అదే చెప్పారు. నిజానికి మా చిక్కు సూదితో కాదు, దాని వెనుక వచ్చే జ్వరంతో. మాత్ర మింగాలి, నీళ్ళు తాగాలి. ఇఫ్తార్ కాగానే సూది వేసుకుంటే సహరీలోగా జ్వరం దిగుతుందని లెక్క వేసుకుని, 2012 రమజానులో ఆమె ఉపవాసాలు మొదలుపెట్టింది. ఆగస్టు ఉక్కలో నీళ్ళు లేక, అసర్ వేళకు గోడ పట్టుకుని నడిచే స్థితి వచ్చింది. వ్యాధిగ్రస్తులకు అల్లాహ్ ఇచ్చిన సడలింపును వదులుకుని గొప్ప చూపుకోవడం భక్తి కాదని మౌలానా మందలించారు. ఆ ఏడు నుండి ఫిద్‌యా ఇస్తున్నాము. అయినా సహరీకి ఆమె అందరితో పాటు లేస్తుంది. ఎందుకు లేస్తావని మేమెవరమూ అడగము.

2013లో ఆయన కువైటు వెళ్ళారు. మా ప్రాంతంలో ఇంటికొకరు వెళ్ళే దారే అది. మందు ఖర్చే దానికి ముఖ్య కారణం. అప్పటికి నెల మందు ఆయన ఇక్కడి సంపాదనను దాటిపోయింది. డ్రైవరు ఉద్యోగం. జీతంలో మూడో వంతు సూదులకే విడిగా పంపేవారు. ఆమె తమ్ముడు ప్రతి నెలా పెట్టె తెచ్చి ఇచ్చేవాడు. శనివారం రాత్రి ఫోనులో "వేసుకున్నావా?" అని అడిగేవారు. "వేసుకున్నాను" అనేది.

మొదటి ఏడాదిన్నర అది నిజమే. తన తొడలోకి తానే సూది దించుకోవడం నేర్చుకుంది. ఆ తరువాతి సంగతి ఆమె మాటల్లోనే వ్రాద్దామనుకున్నాము గానీ, రెండుసార్లు మొదలుపెట్టి ఆపేసింది. క్లుప్తంగా ఇదీ: జ్వరం వచ్చిన రాత్రులు పక్కన ఎవరూ లేరు. ఆదివారం పాప ఆకలితో ఏడుస్తుంటే లేవలేకపోయేది. కారణం లేకుండా ఏడుపు వచ్చేది. ఇంటర్‌ఫెరాన్ కొందరిలో మనసును కుంగదీస్తుందనీ, అలా అనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలనీ ఆమెకు అప్పుడు తెలియదు. ఈమాన్ తగ్గిందేమోనని భయపడి ఎవరికీ చెప్పలేదు. ఇంతకూ మందు వల్ల ఏం ఒరిగిందో కంటికి కనిపించదు. తలనొప్పి మాత్ర వేసుకుంటే తలనొప్పి తగ్గుతుంది. ఇది వేసుకుంటే జ్వరం వస్తుంది, అంతే. పాప పుట్టినరోజని ఒక వారం మానేసింది. ఆ వారం జ్వరం లేదు, ఒళ్ళునొప్పి లేదు, ఆదివారం పాపను భుజాన వేసుకుని పుట్టింటికి వెళ్ళి వచ్చింది. నాలుగేళ్ళలో అంత ఆరోగ్యంగా ఎన్నడూ లేదు. మరుసటి వారం కూడా మానేసింది.

మానేశానని చెప్పడం మానడం కంటే కష్టం. ఎడారి ఎండలో ఆయన కష్టపడి పంపిన డబ్బు అది. వద్దు, కొనవద్దు అంటే ఎందుకని అడుగుతారు. కొనకుండా ఉండలేదు, పారవేయడానికి చేయి రాలేదు. కూరగాయల డబ్బా వెనుక చేర్చింది. ఐదో నెలలో ఎడమకాలు ఈడ్చడం మొదలైంది. 'అలసట' అని ఫోనులో చెప్పింది. పండుగకు వచ్చిన ఆయన గుమ్మంలో ఆమె నడక చూశారు. మరునాడు ఫ్రిజ్ సర్దారు.

ఒక చిన్న సంగతి తరువాత ఎక్కడో చదివి ఇద్దరమూ చాలాసేపు మాట్లాడుకోలేదు. 1993లో అమెరికాలో మొట్టమొదటి ఇంటర్‌ఫెరాన్ బీటా సూదికి అనుమతి వచ్చినప్పుడు, అడిగినవారందరికీ సరిపడా మందు లేక, ముందుగా ఎవరికివ్వాలో లాటరీ తీశారట.

బెంగళూరు బస్సులో ఆరేడు గంటలు మౌనంగా కూర్చున్నాము. డాక్టరుగారితో ఏం చెప్పాలన్నదే ఇద్దరి మనసులోనూ. "పండుగ హడావుడిలో రెండు వారాలు తప్పిందని చెప్పండి చాలు" అని ఆమె ఒకసారి అడిగింది. ఆయనకూ అదే నయమనిపించింది. భార్య మీద భర్త చేసే ఫిర్యాదులా ఉండకూడదు, భర్త లేనప్పుడు భార్య చేసిన తప్పులానూ ఉండకూడదు. గదిలోకి వెళ్ళాక ఆమే నోరు తెరిచింది: "ఇరవై సూదులు వేసుకోలేదండీ."

మేము తిట్లు ఎదురు చూశాము. డాక్టరుగారు పెన్ను కింద పెట్టి రెండే ప్రశ్నలు అడిగారు: ఎప్పటి నుండి, ఎందుకు. సమాధానాలన్నీ వ్రాసుకున్నాక ఇలా అన్నారు: "ఈ మాట చెప్పకపోయి ఉంటే, సూది వేసుకుంటున్నా దెబ్బ తగిలిందంటే మందు పనిచేయడం లేదనుకునేదాన్ని. ఇంతకంటే బలమైన మందుకు, ఇంతకంటే పెద్ద ప్రమాదాలున్న మందుకు మార్చేదాన్ని." ఒక అబద్ధం ఫ్రిజ్‌లోంచి బయలుదేరి ప్రిస్క్రిప్షను దాకా వెళ్ళగలదని మాకు అంతవరకూ తోచలేదు.

ఆయన మరొకటి అడిగారు. వేసుకుని ఉంటే కాలు ఇలా అయ్యేది కాదా? "చెప్పలేను" అన్నారు డాక్టరుగారు. మూడో వంతు తగ్గించే మందు అది. వేసుకున్నవారికీ దెబ్బ తగులుతుంది, మానినవారు కొందరికి తగలదు. ఇరవై సూదులకూ ఎడమకాలికీ లెక్క కట్టి ఎవరూ ఇవ్వలేరు. ఇంతకాలం ఆ 'చెప్పలేను' మీదే మా కాపురం నిలిచిందని మాలో ఒకరి అభిప్రాయం. రెండోవారు ఒప్పుకోరు. డాక్టరు ఏం చెప్పినా నిలిచేదేనట.

కాలు ముప్పాతిక వంతు తిరిగి వచ్చింది. ఆయన కువైటుకు తిరిగి వెళ్ళలేదు. ఇక్కడే ఆటో కొన్నారు. మందు మారింది. ఇప్పటిది గ్లాటిరామర్ అసిటేటు. నాలుగు అమైనో ఆమ్లాలను కలిపి ప్రయోగశాలలో తయారుచేసేది. ఇందులో హరామైనదేదైనా కలుస్తుందా అని అడిగిన అమ్మీకి ఆ మాట చెబితే నిశ్చింతగా దువా చేశారు. ఈ మందు సాధారణ రూపాన్ని మన హైదరాబాదులోని నాట్కో ఫార్మా తయారు చేస్తుంది. 2017 అక్టోబరులో ఆ సంస్థ భాగస్వామి మైలాన్‌కు అమెరికాలో కూడా అనుమతి లభించింది.

ఇది చిన్న సూది, చర్మం కిందికే. జ్వరం రాదు. కానీ మొదట్లో ప్రతిరోజూ. పొడిచిన చోట ఎర్రని దద్దు, దురద, కింద గోళీకాయంత గట్టితనం. ఒకే చోట పదేపదే పొడిస్తే చర్మం కింది కొవ్వు కరిగి గుంట పడుతుంది, అది మళ్ళీ పూడదు. అందుకే పొట్ట, తొడలు, పిరుదులు, జబ్బల వెనుక అని శరీరాన్ని పంచుకోవాలి. ఆసుపత్రి వరండాలో హిందూపురం నుండి వచ్చే ఒక పెద్దావిడ తన ఒంటిని పొలంలా మళ్ళు కట్టుకున్నానని చెబుతుంది. "ఈ వారం ఈ మడికి బీడు" అంటుంది. ఒక ఇంజినీరింగు విద్యార్థి హాస్టలు వంటగది ఫ్రిజ్‌లో మందు పెట్టుకుని, తోటివారికి అది షుగరు సూది అని చెప్పాడట. షుగరు అయితే ఎవరూ జాలిపడరట. ఆ వరండాలో కూర్చుంటే తెలిసింది, సూదులు మానేసి దాచిన ఇల్లు మాది ఒక్కటే కాదు. మేము మా ఐదు పెట్టెల సంగతి చెప్పగానే అటు పక్కన కూర్చున్న ఒకాయన తన మూడు పెట్టెల సంగతి చెప్పారు, భార్య వినకుండా.

ఈ మందుతో ఒక రాత్రి పెద్ద భయం కలిగింది. సూది తీసిన నిమిషంలోనే ఆమె ముఖం ఎర్రబారింది, గుండె దడదడ, ఛాతీ బిగింపు, ఊపిరి అందలేదు. కలిమా చదవడం మొదలుపెట్టింది. ఆయన ఆటో తీసేలోగా, పావుగంటలో అంతా సర్దుకుంది. ఈ మందు వాడేవారిలో కొందరికి అలా జరుగుతుందనీ, సాధారణంగా దానంతట అదే తగ్గుతుందనీ కాగితంలో ఉంది, మేము చదవలేదు. అయితే 2025 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందు వల్ల అరుదుగా ప్రాణాపాయమైన అలర్జీ కూడా రావచ్చునని గట్టి హెచ్చరిక చేర్చింది. అది ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నవారికీ రావచ్చు. కాబట్టి తగ్గకుండా పెరుగుతున్నా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, గొంతు బిగిసినా ఆసుపత్రికి పరుగెత్తాలి, వేచి చూడకూడదు.

2010 నుండి మాత్రలు కూడా వచ్చాయి గదా, ఇంకా సూదులెందుకని బంధువులు అడుగుతారు. మాకు మరో బిడ్డ కావాలనుకున్నాము. ఆ సమయానికి ఈ మందే నయమని డాక్టరుగారు ఉంచారు. 2018లో బాబు పుట్టాడు. తల్లికి ఉంటే పిల్లలకు రాదా అని మా చెల్లెలి పెళ్ళి మాటల్లో కూడా ఆరా తీశారు. ఇది అంటువ్యాధి కాదు. తల్లికో తండ్రికో ఉన్నా నూటికి తొంభై ఏడుగురు పిల్లలకు రాదు. ఆ మాట దాచకుండా చెప్పిన తరువాతే సంబంధం కుదిరింది. ఒక సంబంధం తప్పిపోయింది కూడా, ఆ మాటా వ్రాయాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ వ్యాధికీ చోటు ఉన్నదని, అర్హత ఉంటే ధ్రువపత్రం తీసుకోవచ్చునని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాము.

ఫ్రిజ్ తలుపు మీద ఇప్పుడొక క్యాలెండరు వ్రేలాడుతుంది. సూది వేసుకున్న రోజు ఆమె ఏ చోటో వ్రాస్తుంది. వేసుకోని రోజు సున్నా చుడుతుంది. సున్నాలున్నాయి. పెళ్ళిళ్ళకు వెళ్ళిన రోజులు, విసుగుపుట్టిన రోజులు, కారణమేమీ లేని రోజులు. ఆయన వాటిని చూస్తారు, అడగరు. మూడు నెలలకొకసారి ఆ కాగితాలను చింపి బెంగళూరుకు తీసుకువెళతాము. డాక్టరుగారు ముందుగా సున్నాలనే లెక్కపెడతారు.

ఇప్పుడు సూది వారానికి మూడుసార్లు. ఈ రోజు బుధవారం. మగ్రిబ్ తరువాత మందు బయటికి తీసి బల్ల మీద పెట్టాము. అరగంట బయట ఉండి చల్లదనం విడిస్తే మంట తక్కువ. నడక రాని నాటి పాప ఇప్పుడు ఇంటరు చదువుతోంది. చేతులు కడుక్కుని వచ్చి క్యాలెండరు చూస్తోంది.

"అమ్మీ, సోమవారం కుడి తొడ అని వ్రాశావు. ఈ రోజు ఎడమ జబ్బ వెనుకా?"

"పొట్ట" అంటున్నది ఆమె. "జబ్బకు ఇంకా దద్దు తగ్గలేదు."